ఒత్తి పీకిన దీపం

మడుగుపల్లెలో మడుగు లేదు. మైదుకూరు నుంచి బద్వేలుకు పోయే దారిలో ఎడమకు తిరిగి, ఎర్రదుమ్ము మింగుతూ నడిస్తే వచ్చే ఆ ఊళ్లో ఉన్నదల్లా దేవేంద్రప్పకు మడుగులొత్తే జనం. వాన కురిపించాల్సిన పైనున్న దేవేంద్రుడు ఏండ్ల తరబడి ముఖం చాటేశాడు. కిందున్న దేవేంద్రప్ప మాత్రం చాటంత ముఖమేసుకుని, బత్తాయిలు కాసే తన చీనీతోట బావిగట్టు మీద పడక్కుర్చీలో పడి ఉండేవాడు. యాభైరెండో సంవత్సరం ఎండాకాలానికి ఊరి బావులన్నీ నోళ్లు తెరిచాయి. నీళ్లు మిగిలింది ఆ ఒక్క బావిలోనే. తోటలో ఒక పూట చాకిరీ చేస్తే ఒక కుండ నీళ్లు. దేవేంద్రప్ప దీన్ని ధర్మం అనేవాడు. ధర్మం ఆయనదే కాబట్టి దానికి ధర కట్టేదీ ఆయనే.

ఆ ఊరి గజఈతగాడు ఓబులేసు. గజఈతగాడికి గజం లోతు నీళ్లు దొరకని కాలమది. మంచి రోజుల్లో అతనికి చేతినిండా పని. చుట్టుపక్కల బావుల్లో జారిపడిన బిందెలు, చెంబులు, అత్త మీద కోపంతో దూకిన కోడళ్లు, అప్పుడప్పుడూ కోడలి మీద కోపంతో దూకిన అత్తలు, అందరినీ అన్నిటినీ మునిగి తెచ్చేవాడు. బిందె తెస్తే జొన్నలిచ్చేవాళ్లు. కోడల్ని తెస్తే బియ్యమిచ్చేవాళ్లు. అత్తను తెచ్చినందుకు మాత్రం ఏ కోడలూ ఏమీ ఇచ్చిన పాపాన పోలేదు.

బావులెండాక అతనికి మిగిలిన పని ఒక్కటే. దేవేంద్రప్ప ఇంటికి చుట్టాలొస్తే, భోజనాలయ్యాక తాంబూలం నములుతూ అందరూ బావి దగ్గరికి నడిచేవాళ్లు. దేవేంద్రప్ప తన వెండి చెంబును బావిలోకి విసిరేవాడు.

"ఒరే ఓబిగా, చెంబు జారిపోయిందిరా!"

ఓబులేసు దూకి తెచ్చేవాడు. చుట్టాలు చప్పట్లు కొట్టేవాళ్లు. అతని ఒళ్లోకి దోసెడు జొన్నలు పడేవి. నవ్వు చాలలేదనుకుంటే చెంబు మళ్లీ జారేది.

"ఈ ఆట మా ఊర్లో కుక్కతో ఆడతారప్పా," అన్నాడొకసారి ఒక చుట్టం.

"కుక్కకు జొన్నలేస్తే తినదు గదా బావా," అన్నాడు దేవేంద్రప్ప. "అందుకే ఈన్ని పెట్టుకున్యా."

ఓబులేసు కూడా నవ్వాడు. జొన్నలు ఒళ్లో ఉన్నప్పుడు నవ్వకపోతే ఒళ్లు కొవ్వెక్కిందంటారు.

ఇక దీపం సంగతి. బావిలో లోతుకు పోయేకొద్దీ పట్టపగలే చీకటి. దేవేంద్రప్ప పాత మోటారుకారు ఒక కంటి దీపం ఊడి కొట్టంలో పడి ఉంటే, ఓబులేసు ఆ కంటిని కాళ్లావేళ్లా పడి అడుక్కున్నాడు. ఇత్తడి గిన్నెలో ఆ బల్బును కూర్చి, పైన అద్దం బిగించి, చుట్టూ సైకిలు ట్యూబు ముక్క తొడిగి, నీళ్లు చొరకుండా లక్కతో అతికించాడు. దాన్నుంచి రబ్బరు తొడిగిన పొడవాటి తీగ, మధ్యలో ఒక స్విచ్చి, తీగ కొసన బ్యాటరీ. బ్యాటరీ గట్టు మీద ఉంటుంది, దీపం అతనితో నీళ్లలోకి పోతుంది. షరతల్లా ఒకటే. ఆ దీపం నీళ్లలోనే వెలగాలి. గాలిలో వెలిగిస్తే కాసేపటికే ఇత్తడి పెనంలా కాగి, లక్క కారిపోతుంది.

"నీళ్లల్లో ఉంటేనే సల్లగుంటాది, అచ్చం నా మాదిరే," అనేవాడు ఓబులేసు.

ఆ వెలుగులో అతను దేవేంద్రప్ప బావిని అడుగంటా చూశాడు. ఎప్పుడో ఊట కోసం తొలిచి, ఊట తగలక వదిలేసిన సొరంగం ఒకటి రాతిచూరు కింద కనిపించింది. మూతి నీళ్లలో మునిగి ఉంది. లోపలికి పాకితే పైకెగసి, మనిషి ముడుచుకుని కూర్చునేంత పొడిచోటు, పీల్చుకోవడానికి గాలి. ఈ సంగతి ఓబులేసు పెండ్లాం గురమ్మకు కూడా చెప్పలేదు. చుట్టాల ముందు అప్పుడప్పుడూ అందులో కాసేపు కూర్చుని వచ్చేవాడు. "ఎంత దమ్మురా నీది!" అని వాళ్లు నోరు తెరిస్తే ఇంకో దోసెడు. లోకంలో ఓబులేసుకున్న స్థిరాస్తి ఆ బొక్క ఒక్కటే. అదీ పరాయివాడి బావిలో.

కరువుకు ముందు అతను హోస్పేట దగ్గర తుంగభద్ర ఆనకట్ట పనిలో, నీళ్లలో పడిన సామాన్లు వెతికి తీసేవాడు. అప్పుడు అతని పైన మేస్త్రీ ఏసేపు. ఆ ఏసేపు ఒకనాటి సాయంత్రం కోటు తొడుక్కుని మడుగుపల్లెలో దిగాడు. కోటున్న వాళ్లెవరైనా మొదట దేవేంద్రప్ప అరుగెక్కాలి. అక్కడికే ఓబులేసును పిలిపించాడు.

"సింహళంలో యుద్ధమప్పుడు మునిగిన ఓడలు శానా ఉండాయి ఓబులేసూ. మన కంట్రాక్టరు వాటిని తీసే పని పట్టినాడు. దీపం పట్టుకోని మునిగేటోడు కావాలంటే నీ పేరు సెప్పినా. ఇమానం టిక్కెట్టు గూడా తెచ్చినా."

"ఇమానమా?" అన్నాడు ఓబులేసు. నోట్లో తడి లేదు. ఆ ఏడు ఎవరి నోట్లోనూ లేదనుకోండి.

"వాన మొదలైతే ఆడ సముద్రం మునగనియ్యదు, అందుకే అంత తొందర. నువ్వు ఈ ఇమానం తప్పినావంటే తూత్తుకుడి మనిషొకడు కాసుకోనుండాడు. ఇంగ నిన్ను పిలిసేది ఉండదు. కుదురుకున్న్యావంటే గురమ్మను గూడా పిలిపించుకోవచ్చు."

ఓబులేసు అరుగు మీంచి కనబడే బావిగట్టు వైపు చూశాడు. పడక్కుర్చీ పక్కన వెండి చెంబు మెరుస్తూ ఉంది. ఇక దాని కోసం దూకే పని లేదు. ఆ మాటొక్కటే అతనికి అర్థమైంది. సింహళం ఎక్కడుందో కూడా అడగలేదు.

"ఇది మాత్రం సెవులు పెట్టి విను," అన్నాడు ఏసేపు. "ఆసిడ్ పోసే బ్యాటరీ ఇమానంలోకి రానీరు. అందుకే పొడి బ్యాటరీలు తెచ్చినా. ఇవి రానిస్తారు. గానీ తీగ తగిలించి ఉండకూడదు. దీపం యేరే, బ్యాటరీ యేరే."

"స్విచ్చి ఆర్పే ఉంటాది గదన్నా?"

"స్విచ్చిని నమ్మొద్దు. కూలోళ్లు పెట్టెను యత్తేస్తే అది దానంతటదే పడ్తాది. ఆకాశంలో మంటుకుంటే దిగి పరిగెత్తేదానికి యాడుంటాదిబ్బా దారి?"

దేవేంద్రప్ప పుల్లతో పండ్లు కుట్టుకుంటూ అన్నీ విన్నాడు. పండ్ల సందులో ఇరికినదాన్నయినా వదలని మనిషి. తన గట్టు మీది వినోదాన్ని ఊరికే వదులుతాడా?

బయలుదేరే రోజున ఓబులేసుకు ఆయనే సన్మానం పెట్టించాడు. పూలు లేని కాలం కాబట్టి చీనీ ఆకుల దండ. "మన ఊరోడు గాల్లో పోతాండాడు!" అని అందరి ముందూ వీపు చరిచాడు. దండ పడ్డ ఓబులేసు స్నానానికి ఇంటికి పోయాక, నీళ్లకొచ్చిన గురమ్మను పక్కకు పిలిచాడు.

"ఏం గురమ్మా, మొగుడు ఆకాశంలో పోతాండాడు. దీపమన్నా సక్కంగా సదిరినావా మే?"

"సదిరినాం సామీ. తీగ ఇప్పేసి, గుడ్డల్లో సుట్టి, ట్రంకుపెట్టెలో పెట్టినాడు."

దేవేంద్రప్ప నోట్లో పుల్ల ఆగింది.

"తీగ ఇప్పేసినాడా? అంటే ఒత్తి పీకిన దీపమా?"

"ఏసేపన్న అట్లే సెప్పినాడంట..."

"ఏసేపుకేం తెల్సు మే మన దీపాల సంగతి! వాళ్లకు కొవ్వొత్తి ఉంటే సాలు. మనమట్లనా? దీపం ఆరిపోయిందనేదానిక్కూడా నోరు రాక, కొండెక్కిందంటామే! అట్లాంటిది ప్రయాణమయ్యే మనిషి సేతికి ఒత్తి పీకిన దీపమిచ్చి గడప దాటిస్తావా? నాకేంలే, తెలిసింది సెప్పినా. నీ బొట్టు, నీ ఇష్టం."

ఊళ్లో పెండ్లికీ చావుకీ తనే ముందుండే రామసుబ్బమ్మవ్వ కుండ మీద చెయ్యి పెట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

"ఆయప్ప సెప్పింది నిజమే మే," అంది. "మా యమ్మ మా నాయన్ను సంతకు పంపేటప్పుడు గూడా ఒత్తి ఎగదోసే పంపేది."

గురమ్మ ఇంటికి పరిగెత్తింది. ఓబులేసు దొడ్లో ఒక్క చెంబు నీళ్లతో ఒళ్లంతా తడుపుకునే తంటాల్లో ఉన్నాడు. గురమ్మ ట్రంకుపెట్టె తెరిచింది. తీగ ఎక్కడ కడతాడో ఆమె ఎన్నిసార్లు చూడలేదు! కొసను బ్యాటరీ మరకు చుట్టి, ఊడిపోకుండా పైన పసుపుదారం బిగించి కట్టింది. దారం మీద కుంకుమబొట్టు పెట్టింది. స్విచ్చి జోలికి పోలేదు. వెలగకపోయినా ఫరవాలేదు, ఒత్తి ఉంటే చాలు. పెట్టె మూసి, కళ్లకద్దుకుని, మొగుడి నెత్తికి ఎత్తింది.

కడపలో రైలెక్కి మద్రాసు, అక్కడినుంచి మీనంబాకం. ఏసేపు ముందు, ఓబులేసు వెనక. అద్దం తలుపు అవతల విమానం నిలబడి ఉంది, మెట్లు కూడా వేసి. ఓబులేసు దాని రెక్కలు చూశాడు, చక్రాలు చూశాడు, ఇంత బరువు ఎట్ల లేస్తుందా అని తన బరువు కూడా తలుచుకుని భయపడ్డాడు. కూలీ ట్రంకుపెట్టెను ఎత్తి తూకం బల్ల మీద దబ్బున వేశాడు. ముందు ఇంకా చాలామంది ఉన్నారు. వరస మెల్లగా కదులుతోంది.

మొదట వాసనొచ్చింది. లక్క కాలే వాసన. ఓబులేసుకు ఆ వాసన బాగా తెలుసు కాబట్టి తన పెట్టె కాదనుకున్నాడు. తీగ తన చేత్తోనే విప్పాడు కదా! తర్వాత పెట్టె సందుల్లోంచి పొగ సన్నగా లేచింది.

"బాంబు!" అని ఎవరో ఇంగ్లీషులోనూ, ఇంకెవరో తమిళంలోనూ అరిచారు. రెండు భాషల్లోనూ అది ఒకే మాట కాబట్టి జనం అంతా ఒకేసారి అర్థం చేసుకుని పరిగెత్తారు. టోపీలవాళ్లు ఇసుక బకెట్లతో వచ్చి పెట్టె పగలగొట్టారు. కొత్త పంచె కాలి బొగ్గయింది. అద్దం పగిలింది. ఇత్తడి గిన్నె మీద లక్క కారి గడ్డకట్టింది. బ్యాటరీకి మాత్రం ఏమీ కాలేదు. దాని మర మీద పసుపుదారం, దారం మీద బొట్టు, పేరంటానికి బయల్దేరినట్టు చక్కగా ఉన్నాయి.

"ఏందిది?" అన్నాడు ఏసేపు.

ఓబులేసు ఆ ముడిని చూశాడు. తన పంచె కొసకు జొన్నలు మూటగట్టే గురమ్మ చేతి ముడి అది.

సన్మానంతో మొదలైన ప్రయాణం అట్ల విమానం మెట్ల ముందు అనుమానమై, పోలీసుఠాణాలో అవమానమై ముగిసింది. ఠాణాలో అడిగేవాళ్లు అడుగుతూ ఉండగా నెత్తిమీది నుంచి విమానం వెళ్లిన చప్పుడు వినిపించింది. తర్వాతి విమానానికి తూత్తుకుడి మనిషి పోయాడు. లంకకు పోయి నిప్పు పెట్టి రావడం మనవాళ్లు విన్న కథే. పోకముందే నిప్పంటుకుని వెనక్కి వచ్చింది మాత్రం మా ఓబులేసే.

ఊళ్లోకి రాగానే రచ్చబండ దగ్గరే మొదలుపెట్టారు.

"ఏమప్పా ఓబులేసూ, ఆకాశంలో నీళ్లుండాయా?"

"పైన దేవేంద్రుడు కనపడినాడా? మన సంగతేమన్నా అడిగినావా?"

"అడిగేదానికి నోరు యాడుందిరా, నోట్లో పొగుంటే!"

ఇంట్లో గురమ్మ సంగటి ముద్ద పెట్టి, ఎదురుగా కూర్చుని, "ఏమైందయ్యా?" అంది. ఓబులేసు ముద్ద ముట్టలేదు. జేబులోంచి పసుపుదారం తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. దారానికి ఇంకా లక్క వాసన ఉంది.

గురమ్మ దాన్ని చూసింది. చూసి, "నేను... నాకు..." అంది. అతను లేచి బయటికి పోయాడు. ఆ తర్వాత ఆమె ఎన్నిసార్లు నోరు తెరిచినా అతను ఇంట్లో లేడు. ఇంట్లో ఉంటే గోడ వైపు ఉన్నాడు.

అట్లాంటి రోజుల్లోనే ప్రొద్దుటూరు నుంచి దేవేంద్రప్పకు వియ్యంకులొచ్చారు. వచ్చీరాగానే, పొద్దెక్కకముందే ఫలహారం, ఫలహారం వెంట తాంబూలం, తాంబూలం వెంట బావి. గురమ్మ కూడా కుండతో గట్టు కింద ఉంది. వెండి చెంబు గాల్లో తిరిగి నీళ్లలో పడింది.

"ఒరే ఇమానం! చెంబు జారిపోయిందిరా!"

ఓబులేసు గోచీ బిగించాడు. దీపం లేదు. కాలిన గిన్నె ఇంట్లో పొయ్యి పక్కన పడి ఉంది.

"ఈడేనా ఇమానం కాల్చినోడు?" అన్నాడు వియ్యంకుడు.

"ఈడు కాదు బావా, ఈని పెండ్లాం," అన్నాడు దేవేంద్రప్ప. నవ్వు ఆపుకోలేక కుర్చీ చేతులు పట్టుకున్నాడు. "ఒత్తి పీకిన దీపంతో మొగున్ని పంపుతావా మే అని ఒక మాటన్యా. ఒక్క మాట! పిచ్చిది, పొయ్యి తీగ కట్టి, పసుపుదారం సుట్టి, బొట్టు గూడా పెట్టిందంట! లేకుంటే మనకు ఈ ఆట యాడుండు బావా?"

అందరూ నవ్వారు. గట్టు కింద గురమ్మ కుండ చేతిలోంచి జారి పగిలింది. ఆ చప్పుడుకు ఇంకా నవ్వారు.

ఓబులేసు దేవేంద్రప్ప ముఖం చూశాడు. తర్వాత గురమ్మ ముఖం చూశాడు. దూకాడు.

"మావోడి దమ్ము చూడండి," అన్నాడు దేవేంద్రప్ప.

చూశారు. తాంబూలం నమలడం అయిపోయింది. నీళ్లు కదలడం మానేశాయి. నోట్లో ఎర్రగా నిండినా ఉమ్మడానికి ఎవరూ లేవలేదు. ఒక బుడగ కూడా రాలేదు. గురమ్మ గట్టెక్కి, వంగి చూసి, అరిచింది. ఆ అరుపుతో ఊరు వచ్చింది.

గాలాల గుత్తిని తాడుకట్టి దింపారు. పాత బిందె ఒకటి, ఎవరిదో చివికిన చీర ముక్క ఒకటి పైకొచ్చాయి. ఓబులేసు రాలేదు. మునిగి వెతికేవాడెవడైనా ఉన్నాడా అంటే, ఉన్న ఒక్కడే లోపలున్నాడు.

"సచ్చినోడు నీళ్లల్లో ఉండంగా ఆ నీళ్లు యవురు తాగుతారు?" అంది రామసుబ్బమ్మవ్వ. "బావికి మైలంటింది. తోడెయ్యాల్సిందే."

"తేలేదాకా ఆగుదాం లేవ్వా," అన్నాడు దేవేంద్రప్ప. గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. "నీళ్లు పోతే మళ్లీ యాడ ఊరతాయి?"

"ఉబ్బి తేలినాక నీ మనవళ్లు గూడా ముట్టరప్పా ఈ బావిని!"

వియ్యంకులు అప్పటికే బండి కట్టించుకుంటున్నారు, శవమున్న బావి నీళ్లతో వండిన మధ్యాహ్నం భోజనం వద్దని. దేవేంద్రప్ప ఎద్దుల్ని కట్టించాడు. నీళ్లు తోడే కపిల బాన బావిలోకి దిగింది, నిండి పైకి వచ్చింది. "తోటకన్నా మళ్లించండ్రా," అన్నాడు.

"శవం నీళ్లు తాగిన చీనీకాయలు యవురు కొంటారు సామీ?" అన్నాడు ఎద్దుల వెనకున్న సోమన్న, ఎంతో వినయంగా.

నీళ్లు పక్కనున్న ఎండు వంకలోకి పోయాయి. దప్పికతో నాలుకలు పీక్కుపోయిన ఊరు వరసగా నిలబడి, ఇసుక ఆ నీళ్లను తాగేస్తూ ఉంటే చూసింది. మేకలకు మైల లేదు కాబట్టి మేకలు తాగాయి. ఒక ముసలాయన మేకను చూసి ఏడ్చాడు.

నీళ్లు తోడేవాళ్లు ఎందరో ఉన్నారు, గురమ్మకు తోడయ్యేవాళ్లు లేరు. ఆమె చుట్టూ ఆడవాళ్లు చేరారంటే అది గాజుల కోసం. రామసుబ్బమ్మవ్వ నున్నటి గుండ్రాయి ఒకటి వెతికి ఒళ్లో పెట్టుకుంది.

"ఇప్పుడే యాలవ్వా, శవం కనపడనీ," అంది ఒకామె.

"కనపడినాక రాయి ఎతుక్కుంటా పోవాల్నా?"

"అయ్యో, తీగ కట్టింది నేనే, సంపింది నేనే!" గురమ్మ గట్టు మీద తల కొట్టుకుని బావిలోకి అరిచింది. "నన్ను తిట్టను గూడా తిట్టకుండా పోతివే! ఒక్క మాట తిట్టయ్యా, ఒక్క మాట!"

మిట్టమధ్యాహ్నానికే నీళ్లు దిగి సొరంగం మూతి బయటపడింది. రాతిచూరు కింద కాబట్టి పైవాళ్లకు కనిపించలేదు. అప్పటినుంచి ప్రతి మాటా ఓబులేసుకు వినిపించింది. దేవేంద్రప్ప ఎద్దుల్ని అదిలించడం వినిపించింది. అది తియ్యగా ఉంది. గురమ్మ అరుపూ వినిపించింది. ఆమె చేత కట్టించింది ఎవరో ఇప్పుడు తెలుసు. అయినా పసుపుదారం కళ్లముందు కదిలింది. మెట్లేసిన విమానం కదిలింది. తను మాత్రం కదల్లేదు. ఇంకాస్త ఏడవనీ అనుకున్నాడు. ఇంకాస్త అనుకుంటూనే నీళ్లతో నిండిన చెంబును ఒళ్లో పెట్టుకుని, బాన దిగిన చప్పుళ్లు వింటూ కూర్చున్నాడు.

పొద్దు వాలుతుండగా బాన అడుగున రాయి గీరుకుంది. ఈసారి పైకి వచ్చింది బురద, అందులో ఒక కప్ప. ఊట లేదు, ఇక ఊరట లేదు. దేవేంద్రప్ప గట్టు పట్టుకుని లోపలికి వంగాడు. శవం లేదు. రాతిచూరు కింద నుంచి ముందు ఒక చెయ్యి, తర్వాత ఓబులేసు బయటికొచ్చాడు. నింపాదిగా మెట్లెక్కాడు. చేతిలో వెండి చెంబు, దానినిండా నీళ్లు.

"ఇదో సామీ నీ చెంబు. జారిపోయిందంటే తెచ్చినా."

దేవేంద్రప్ప బావిని చూశాడు, వంక దాకా తడిసిన ఇసుకను చూశాడు, వెనకున్న చీనీచెట్లను చూశాడు. చాటంత ముఖం చేటలో బియ్యంలా చెదిరిపోయింది. నోరు ఎండిపోయింది. ఆయన చూపు చెంబులో నీళ్ల మీద పడింది.

ఓబులేసు చెంబెత్తి, గుటక గుటకగా, తీరిగ్గా, మొత్తం తాగాడు. ఖాళీ చెంబును పడక్కుర్చీలో పెట్టాడు. తర్వాత గురమ్మ దగ్గరికి వచ్చాడు. మద్రాసు నుంచి వచ్చాక ఆమెతో మాట్లాడింది అప్పుడే.

"లెయ్, ఇంటికి పోదాం," అన్నాడు.

గురమ్మ తలెత్తింది. నుదురు చిట్లి రక్తం బొట్టు మీదికి కారింది. అతని ఒంటిని పైనుంచి కిందికి చూసింది. జుట్టు పొడిగా ఉంది. గోచీ పొడిగా ఉంది.

"పొద్దున్నుంచి లోపలే ఉంటివా?"

అతను ఆమెను లేపడానికి చెయ్యి చాపాడు.

"నేను అరిసింది ఇనపడిందా?"

అతను నేల చూశాడు.

గురమ్మ పక్కకు వంగి, రామసుబ్బమ్మవ్వ ఒళ్లోంచి గుండ్రాయి తీసుకుంది. ఎడమచెయ్యి బావిగట్టు మీద పెట్టింది.

"మేయ్, మొగుడు బతికుండాడు గదే!" అని అవ్వ చెయ్యి పట్టుకోబోయింది. గురమ్మ విదిలించింది.

"అంతా ఇన్న్యావు గదా," అంది అతని కళ్లలోకి చూస్తూ. "ఇది గూడా ఇను."

గాజులు పగిలిన చప్పుడు నీళ్లు లేని బావిలోకి పోయి, అడుగు తగిలి, పైకి తిరిగొచ్చింది. ఆమె రాయిని చేయి మార్చుకుని, కుడిచెయ్యి గట్టు మీద పెట్టింది.